మిలటరీ చేసి వచ్చినవాళ్ళకు ఓసీడీ, వీడియోలో చికిత్స: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకరు సైన్యానికి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. అంత పేరు రాని ఊళ్ళలో కూడా, అమలాపురం నుంచి నరసాపురం దాకా, ఏ వీధిలో చూసినా ఒక హవల్దారుగారో సుబేదారుగారో ఉంటారు. కలిస్తే పెన్షన్ గురించి, క్యాంటీన్ కార్డు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మనసు జబ్బు గురించి మాట్లాడుకోరు. ఆ మాట మాకు చెప్పేది ఎక్కువగా వాళ్ళ భార్యలూ కోడళ్ళూ. అందుకే కింది ప్రశ్నల్లో చాలావాటిని ఇంట్లోవాళ్ళు అడిగే మాటల్లోనే ఉంచాను. నేను సైకాలజిస్టుని. మందులు రాసేది సైకియాట్రిస్టు.

ఓసీడీ అంటే అతి శుభ్రమే కదండీ? సినిమాల్లో చూశాం.

సినిమాల్లో నవ్వించడానికి చూపించేది అందులో ఒక ముక్క మాత్రమే. ఓసీడీకి రెండు భాగాలుంటాయి. మొదటిది, వద్దన్నా మనసులోకి చొరబడే ఆలోచన: గ్యాస్ కట్టలేదేమో, చేతికి ఏదో అంటిందేమో, నా వల్ల ఎవరికైనా హాని జరుగుతుందేమో. రెండోది, ఆ గాభరా తగ్గించుకోవడానికి చేసే పని: కడగడం, వెనక్కి వెళ్ళి చూసి రావడం, లెక్కపెట్టడం, మనసులో ఒక మాటను తిప్పుకోవడం, "కట్టానంటావా?" అని భార్యను అడగడం. ఈ రెండోదాన్ని ఈ పేజీలో తంతు అంటున్నాను. తంతు చేయగానే కాసేపు హాయిగా ఉంటుంది. దురదను గోకినట్టే, గోకిన కొద్దీ మళ్ళీ గోకాలనిపిస్తుంది. ఇదంతా రోజుకు గంటకు పైగా తినేస్తుంటే, లేదా దానివల్ల పనీ నిద్రా కాపురమూ దెబ్బతింటుంటే జబ్బుగా లెక్కవేస్తాం.

చేతులు ఒక్కసారి కూడా అదనంగా కడగని ఓసీడీ మనుషులు బోలెడంత మంది ఉన్నారు. వాళ్ళ తంతు అంతా తల లోపలే నడుస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు, ఆయన కిటికీలోంచి కొబ్బరి చెట్ల వంక చూస్తూ కూర్చున్నారనే అనిపిస్తుంది.

మా ఆయన దుప్పటి మడత కూడా స్కేలు పెట్టి కొలిచినట్టు వేస్తారు. పాతికేళ్ళ సర్వీసండి. అది జబ్బంటే ఎలా?

అదొక్కటే అయితే జబ్బు కాదు. ఆ మడత ఆయనకు ఇష్టం, వేశాక తృప్తి. మనవడు వచ్చి చెరిపేస్తే కసురుకుంటారు, మళ్ళీ వేసుకుంటారు, అంతటితో సరి.

సైన్యంలో ఆయుధాన్ని తనిఖీ చేయడం ప్రాణాలు కాపాడే పద్ధతి. ఆ తనిఖీకి ఒక ముగింపుంటుంది: తెరిచి చూశాడు, ఖాళీ అన్నాడు, అయిపోయింది. ఓసీడీ తనిఖీకి ముగింపు రాదు. కళ్ళారా చూసినా "సరిగ్గా చూశానా" అన్న ప్రశ్న పుడుతుంది. చేస్తున్న మనిషికే అది ఎక్కువని తెలుసు, విసుగూ ఉంటుంది, ఆపలేడు.

కొందరికి సర్వీసులో ఉండగానే ఈ జబ్బు ఉంటుంది, బయటపడదు. బూట్ల మెరుపునూ తాళాల లెక్కనూ బ్యారక్‌లో అందరూ మెచ్చుకుంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పెన్షన్ మీద ఇంటికొచ్చాక రోజంతా ఖాళీ. కట్టుబడి ఉండాల్సిన టైం టేబుల్ ఉండదు. అప్పటిదాకా ముప్పావు గంటలో ముగిసే తంతు మధ్యాహ్నం దాకా సాగుతుంది.

మా ఇంట్లో మడి ఆచారం ఉంది. ఏది మడో ఏది ఓసీడీయో ఎలా తెలుస్తుంది?

మడికి అందరికీ తెలిసిన నియమం ఉంటుంది: స్నానం చేశారు, తడిబట్ట ఆరేసింది కట్టుకున్నారు, వంట మొదలైంది. ఓసీడీలో నియమం రోజురోజుకీ పెరుగుతుంది. మొదట చెయ్యి, తర్వాత మోచెయ్యి, తర్వాత కుళాయి తిప్పే పిడి, చివరికి కుళాయి దాకా నడిచిన గచ్చు. మడి పాటించే అత్తగారే "చాల్లే నాయనా, బయటికి రా" అంటున్నారంటే అది ఆచారం దాటిపోయినట్టే.

చికిత్స చేసేవాళ్ళు మీ ఆచారం జోలికి రారు, రాకూడదు. పూజకు ముందు స్నానం మానెయ్యమని ఎవరైనా చెప్తే డాక్టర్ని మార్చుకోండి. నియమం ఎంతవరకో మీరు గౌరవించే పంతులుగారినో పాస్టరుగారినో ఒక్కసారి అడిగి, ఆ మాట మీద ఉండటమే పద్ధతి. వారం వారం వెళ్ళి అదే ప్రశ్న అడగడం మొదలైతే ఆ అడగడమే తంతు అయిందని గుర్తించండి.

వరదల్లో కూడా ఇంతే. లంక గ్రామాల్లో జులై, ఆగస్టుల్లో ఎర్రనీళ్ళలో నడిచి ఇంటికొచ్చాక కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కోవాల్సిందే. ఒకసారి బాగా కడుక్కుంటే చాలు.

రాత్రుళ్ళు లేచి లేచి గేటు చూసొస్తారు. కాశ్మీరులో చేశారు. ఇది పీటీఎస్‌డీయా, ఓసీడీయా?

ఈ పేజీలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. తొందరపడి జవాబు చెప్పేవాళ్ళను నమ్మొద్దు. బయటికి కనిపించే పని రెండింట్లోనూ ఒకటే, లోపల నడిచేది వేరు.

పీటీఎస్‌డీ అంటే, ఒకసారి చూసిన ఘోరం ఏళ్ళ తర్వాత కూడా మనసును వదలని జబ్బు. అందులో మనిషి కాపలా కాస్తుంటాడు. ప్రమాదం బయటి నుంచి వస్తుంది, ఒకసారి వచ్చింది కూడా. దీపావళి టపాకాయలు మోగితే ఒళ్ళు బిగుసుకుంటుంది, పీడకలలు వస్తాయి, పెళ్ళి పందిట్లో గోడకు ఆనుకుని గుమ్మం కనపడేలా కూర్చుంటాడు. గేటు దగ్గరికి వెళ్ళేది రోడ్డు మీద ఎవరైనా ఉన్నారేమో చూడటానికి. ఓసీడీలో అనుమానం తన మీదే. రోడ్డు మీద ఎవరూ లేరని తెలుసు. "గడియ నేను వేశానా? వెయ్యకపోతే, దొంగ వస్తే, పిల్లలకేమైనా అయితే పాపం నాదే కదా" అన్న లెక్క నడుస్తుంది.

నేను సాధారణంగా ఒక ప్రశ్న అడుగుతాను: ఈ రాత్రి గేటు బాధ్యత పూర్తిగా మీ అబ్బాయిది, ఏం జరిగినా మీకు సంబంధం లేదు అంటే నిద్ర పడుతుందా? ఓసీడీ ఉన్నవాళ్ళు చాలాసార్లు పడుతుందంటారు. కాపలా కాసే మనిషికి పట్టదు. ఇది పరీక్ష కాదు, మాట కలపడానికి ఒక దారి మాత్రమే.

రెండూ కలిసి ఉండటం అరుదేం కాదు. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో శాంతిసేనలో చేసినవాళ్ళు, 1999లో కార్గిల్ చూసినవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో తాతలు. తోటివాడి రక్తం అంటిన చేతులను ఇన్నేళ్ళ తర్వాత కూడా కడుగుతూ ఉండే మనిషికి రెండు జబ్బుల మధ్య గీత గీయడం కుదరదు. అలాంటప్పుడు సబ్బు సంగతితో పాటు ఆ రోజు సంగతి కూడా చికిత్సలోకి రావాలి. ఏది ముందు అన్నది, ఏది బతుకును ఎక్కువ ఆపేస్తోందో చూసి నిర్ణయిస్తారు.

ఇది ఎందుకొస్తుంది? సర్వీసు వల్లే వచ్చిందని రాయించుకోవచ్చా?

కుటుంబంలో ఉండటం, మెదడులో కొన్ని వలయాలు పనిచేసే తీరు, తీవ్రమైన ఒత్తిడి, అన్నీ కలుస్తాయి. ఎక్కువమందికి పదేళ్ళ తర్వాత నుంచి ఇరవై దాటిన కొత్తల్లోపు మొదలవుతుంది. సైన్యంలో భర్తీ అయ్యే వయసు కూడా అందులోనే వస్తుంది. యాభై దాటాక, అంతకుముందు ఛాయలే లేకుండా ఒక్కసారిగా మొదలైతే మాత్రం వీడియో కన్నా ముందు నేరుగా ఆస్పత్రికి వెళ్ళి మెదడుకు సంబంధించిన పరీక్షలు చేయించుకోండి. పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటివి ఒక్కోసారి ఇలా కనపడతాయి.

సర్వీసుకూ జబ్బుకూ సంబంధం ఉందని తేల్చేది మెడికల్ బోర్డు. దాని కాగితాల గురించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. చికిత్సను ఆ తీర్పు కోసం ఆపొద్దు.

చికిత్సలో అసలు ఏం చేస్తారు? కూర్చోబెట్టి మాట్లాడతారా?

మాటలు కొంతే. ముఖ్యమైన చికిత్స పేరు ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్). గాభరా పుట్టే చోటికి కావాలని వెళ్ళడం, వెళ్ళాక తంతు చేయకుండా ఉండటం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు, అప్పటిదాకా ఏ చికిత్సకూ లొంగని ఇద్దరు రోగులతో దీన్ని చేసి చూపించాడు. ఇప్పటికీ దీన్ని మించిన మాటల చికిత్స ఓసీడీకి లేదు.

గేటు తాళం ఉదాహరణ తీసుకుందాం. ముందు భయాలను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాస్తాం, ఒక్కోదానికీ సున్నా నుంచి వంద దాకా మార్కులు వేస్తాం. పగటిపూట తాళం వేసి, లాగి చూడకుండా లోపలికి వచ్చేయడం ముప్పై కావచ్చు. రాత్రి ఒక్కసారే వేసి, వెనక్కి తిరగకుండా వచ్చి పడుకోవడం అరవై. ఇంటికి తాళం వేసి రావులపాలెం వెళ్ళి, బస్సులోంచి పక్కింటికి ఫోన్ చేయకుండా సాయంత్రం దాకా ఉండటం తొంభై. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ రోజూ చేస్తారు. గాభరా పెరుగుతుంది. దాన్ని పోగొట్టడానికి ఏమీ చేయరు. కొంతసేపటికి అది దానంతట తగ్గుతుంది, ఒక్కోరోజు తగ్గదు, అయినా పర్వాలేదు. "తాళం వేశాను" అన్న పూర్తి నమ్మకం రావాలన్నది ఇక్కడ లక్ష్యం కాదు. ఆ అనుమానం పక్కన ఉండగానే భోజనం చేయడం, పడుకోవడం, పొలం వెళ్ళడం అలవాటవ్వాలి.

ఎంత చూసుకోవడం మామూలు, ఎంత ఎక్కువ? పక్కవాణ్ణి కొలతగా పెట్టుకోండి. భీమవరం వైపు రొయ్యల చెరువున్న పెన్షనర్లు ఇది తరచుగా అడుగుతారు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య తేలిపోతుంది కాబట్టి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాల్సిందే. పక్క చెరువు రైతు రాత్రికి రెండుసార్లు టార్చి వేసుకుని వెళ్తే మీరూ రెండుసార్లు వెళ్ళండి. మూడోసారి లేచారంటే ఆ లేవడానికి చెరువు కారణం కాదు.

సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. సెషన్ల మధ్య రోజూ ఇంటిపని ఉంటుంది. అది చేయకపోతే సెషన్లు ఎన్ని జరిగినా ఫలితం రాదు. "పాజిటివ్‌గా ఆలోచించండి, ధ్యానం చేయండి" అని చెప్పి పంపించేస్తే అది ఓసీడీ చికిత్స కాదని నా గట్టి అభిప్రాయం.

అంతా సరే, ఇది ఫోన్‌లో, వీడియోలో ఎలా కుదురుతుందండి? ఎదురుగా ఉండాలి కదా?

నిజానికి ఈ జబ్బు విషయంలో ఎదురుగా ఉండటమే ఒక్కోసారి అడ్డం. రాజమండ్రిలో క్లినిక్‌కి వచ్చిన మనిషి బుద్ధిగా కుర్చీలో కూర్చుంటాడు. అక్కడ ఆయన గేటు లేదు, పెరట్లో నుయ్యి లేదు, పొయ్యి మీద పాలు లేవు. గాభరా లేదు కాబట్టి చేయడానికి పని కూడా లేదు. ఓసీడీ ఉండేది ఇంట్లో. వీడియో అయితే ఫోన్ పట్టుకుని మనిషి నుయ్యి గట్టు దగ్గరికి వస్తాడు, మేమూ ఆయనతో పాటు వస్తాం. ఫోన్‌ను కిటికీ ఊచలకు ఆనించి కుళాయి కనపడేలా పెట్టమంటాం. "ఇప్పుడు ఆ పిడి ముట్టుకుని, అదే చేత్తో ఈ తువ్వాలు పట్టుకోండి" అంటాం. ఇంటి మొత్తానికి తంతు ఎక్కడెక్కడ దాగుందో ఒక్క వీడియో కాల్‌లో తెలిసిపోతుంది: అటక మీద సబ్బుల డబ్బా, ఎవరూ కూర్చోకూడని కుర్చీ, వాకిట్లో విడిగా పెట్టిన చెప్పుల జత.

వీడియోకి తనవైన ఇబ్బందులూ ఉన్నాయి. కెమెరా ముఖం చూపిస్తుంది, మంచం కింద చేతులు ఏం చేస్తున్నాయో చూపించదు. మనసులో చేసే తంతు మామూలుగానే కనపడదు, వీడియోలో ఇంకా కనపడదు. కాబట్టి "ఇప్పుడు లోపల ఏదైనా లెక్కపెడుతున్నారా?" అని మాటిమాటికీ అడుగుతాం, విసుక్కోకండి. ఇంకొకటి, కాల్ కట్ అవ్వగానే పరుగెత్తి చేతులు కడిగేసుకోవడం. గంట సేపు పడ్డ కష్టం అంతా ఆ ఒక్క నిమిషంలో పోతుంది. కడిగితే కడిగానని వచ్చే సెషన్లో చెప్పేయండి. తిట్టరు. మళ్ళీ ఆ మెట్టు నుంచే మొదలుపెడతారు.

ఇది నిజంగా పనిచేస్తుందని రుజువుందా?

ఉంది. మాజీ సైనికులకు వీడియో చికిత్స పెద్ద ఎత్తున చేసింది అమెరికాలోని వెటరన్స్ అఫైర్స్ శాఖ. ఆస్పత్రికి దూరంగా ఉన్న మాజీ సైనికులకు ఆ శాఖ 2016 నుంచి ట్యాబ్లెట్లు కూడా ఇచ్చింది. పీటీఎస్‌డీ ఉన్న మాజీ సైనికుల మీద అక్కడ జరిగిన పరీక్షల్లో, ఇంట్లో వీడియో ద్వారా చేసిన చికిత్స ముఖాముఖి చికిత్సకు తీసిపోలేదని తేలింది. ఓసీడీకి 2022లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, వీడియోలో ఈఆర్‌పీ చేసిన 3,500 మందికి పైగా పెద్దవాళ్ళలో లక్షణాలు నలభై శాతానికి పైగా తగ్గాయి. అది ఆ సేవ అమ్మే సంస్థ తన రోగుల మీద చేసుకున్న పరిశీలన. పోల్చి చూడటానికి చికిత్స లేని గుంపు అందులో లేదు. కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించి చదువుకోండి. మాజీ సైనికుల ఓసీడీ మీద విడిగా జరిగిన వీడియో అధ్యయనాలు చిన్నవి, అవి చూపించే దిశ మాత్రం ఇదే.

మొత్తం మీద ఈఆర్‌పీ చివరిదాకా చేసినవాళ్ళలో సగం మందికి పైగా బాగా మెరుగవుతారు. కొందరు భయపడి మధ్యలో మానేస్తారు. వాళ్ళను కూడా లెక్కలో వేసుకోవాలి.

"సార్ చెప్తే చేస్తాను, ఆర్డర్ ఇవ్వండి" అంటున్నారు మా నాన్నగారు. మంచిదేగా?

మొదటి రెండు వారాలు మంచిదే. మాజీ సైనికులు ఇంటిపని ఎగ్గొట్టరు, టైముకు కాల్‌లో ఉంటారు, పుస్తకంలో మార్కులు తేదీలతో సహా రాసి పెడతారు. మిగతా రోగుల్లో ఈ క్రమశిక్షణ దొరకదు.

దీనికి ఇంకో వైపుంది. ఆర్డర్ మీద చేసిన పనికి బాధ్యత ఆర్డర్ ఇచ్చినవాడిది. "తాళం చూడొద్దని డాక్టరుగారన్నారు, ఏమైనా అయితే ఆయనే చూసుకుంటాడు" అనుకుంటే గాభరా ఆ రోజు పుట్టనే పుట్టదు. ఓసీడీ ఉన్న మనిషికి అన్నిటికన్నా బరువైనది బాధ్యతే. దాన్ని మాకు అప్పగించేస్తే ఆయన నేర్చుకునేదేమీ ఉండదు. అందుకే కొన్నాళ్ళకు ఆర్డర్లు ఆపేస్తాం. రేపు ఏ మెట్టు చేయాలో ఆయన్నే ఎంచుకోమంటాం, ఎంచుకున్నది మాకు చెప్పొద్దని కూడా ఒక్కోసారి అంటాం. అది చాలామంది ఫౌజీలకు మొదట్లో అస్సలు నచ్చదు.

సెషన్ల మధ్యలో వాట్సాప్‌లో అడగొచ్చా? తాళం ఫొటో తీసి పెట్టుకుంటే చూసుకోవచ్చు కదా?

తాళం ఫొటో కూడా తనిఖీయే. గేటు దగ్గరికి నడిచే శ్రమ తప్పుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. పది రోజుల్లో "ఈ ఫొటో ఈ రోజుదేనా" అన్న అనుమానం వస్తుంది.

వాట్సాప్‌లో టైము మార్చమనీ, మందు అయిపోయిందనీ అడగండి. "సార్, ఇది ఓసీడీయేనా, నిజంగా ప్రమాదమా?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు. అది నిర్లక్ష్యం కాదు, జవాబు ఇవ్వకపోవడమే అక్కడ చికిత్స. ఈ సంగతి మొదటి సెషన్లోనే మాట్లాడుకోవాలి.

మనవణ్ణి ఎత్తుకుంటే వాడికి ఏదైనా చేసేస్తానేమో అన్న ఆలోచన వస్తోంది. గుళ్ళో కూడా పాడు ఆలోచనలు. నేను ప్రమాదకరమైన మనిషినా?

ఈ ప్రశ్న నోటితో అడిగేవాళ్ళు తక్కువ, రాత్రి పూట మెసేజ్ పెడతారు.

ఇది ఓసీడీలో చాలా మామూలుగా కనిపించే రూపం. ఆ ఆలోచన మీకు అసహ్యం పుట్టిస్తోంది, దాన్ని తప్పించుకోవడానికి మీరు మనవణ్ణి ఎత్తుకోవడమే మానేశారు, వంటింట్లో కత్తిపీట దాచేశారు. హాని చేయాలన్న కోరిక ఉన్న మనిషి తీరు ఇది కాదు. అంతర్వేదిలో స్వామి ఎదుట నిలబడ్డప్పుడో, చర్చిలో మోకరించినప్పుడో వచ్చే బూతు ఆలోచన కూడా ఇదే జాతి. మనిషి దేన్ని ఎక్కువ ప్రేమిస్తాడో ఓసీడీ దాన్నే పట్టుకుంటుంది. ఆయుధం పట్టిన చేతులు కాబట్టి మాజీ సైనికులు "నాకు చేతనవును కదా" అని ఇంకాస్త ఎక్కువ భయపడతారు.

ఇలాంటి ఆలోచన చెప్పగానే కంగారుపడి పోలీసులనో కుటుంబాన్నో పిలిచే డాక్టరు ఓసీడీ తెలిసిన డాక్టరు కాదు. ఆలోచన ఉన్నట్టే చెప్పండి. అయితే నిజంగా కోపంతో ఎవరికైనా హాని చేయాలనిపించడం, చచ్చిపోవాలనిపించడం వేరే సంగతులు. వాటిని కూడా దాచకుండా, ఆ రోజే చెప్పాలి.

ఇంట్లో మేం ఏం చేయాలి? "వేశారు లెండి, నేను చూశాను" అని చెప్తే శాంతిస్తున్నారు.

శాంతిస్తారు. పావుగంటకు మళ్ళీ అడుగుతారు. మీరు చెప్పే ఆ మాట, ఆయన బదులు మీరు చూసి వచ్చే ఆ గేటు, ఆయన కోసం విడిగా ఉతికే ఆ బట్టలు, అన్నీ తంతులో భాగమైపోయాయి. మీ తప్పేమీ లేదు. ఇంట్లో గొడవ లేకుండా రోజు గడవాలని ఎవరైనా చేసేదే.

ఒక్కసారిగా ఆపేయకండి. రేపటి నుంచి జవాబు చెప్పనని పంతం పడితే ఇల్లు రణరంగమవుతుంది. సెషన్లో ముగ్గురం కూర్చుని, ఏది ఎప్పుడు ఆపాలో ఆయన ఒప్పుకున్నాకే మొదలుపెడతాం. చెప్పాల్సిన మాట కూడా ముందే అనుకుంటాం. "ఇది ఆ జబ్బు అడుగుతోందండి, నేను జవాబు చెప్పనని మనం అనుకున్నాం కదా. రండి, అరుగు మీద కూర్చుందాం" లాంటిది. గొంతులో వెటకారం ఉండకూడదు.

వీడియోలో ఇక్కడ ఒక సుఖముంది. క్లినిక్‌కి భార్య రావాలంటే ఆ రోజు పాలూ వంటా పిల్లలూ అన్నీ సర్దుకోవాలి. ఇంట్లో అయితే పది నిమిషాలు వచ్చి పక్కన కూర్చుంటే చాలు.

మందులు తప్పవా? జీవితాంతం వాడాలా?

లక్షణాలు తేలికగా ఉంటే ఈఆర్‌పీ ఒక్కటే సరిపోవచ్చు. మధ్యస్థంగా, తీవ్రంగా ఉంటే రెండూ కలిపి. తీవ్రతను వై-బాక్స్ అనే కొలతతో చూస్తారు. 40కి మార్కులు వేస్తారు, 16 నుంచి 23 మధ్యస్థం, 24, ఆపైన తీవ్రం. ఇది కూడా వీడియోలోనే చేయొచ్చు.

ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లువాక్సమిన్ లాంటివి మొదటి వరస మందులు. డిప్రెషన్‌కు వాడేవే, ఓసీడీకి తరచుగా ఎక్కువ మోతాదు కావాలి, ఫలితం చూడటానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి. మూడో వారంలో "పనిచేయట్లేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ. మొదట్లో కడుపులో తిప్పడం, నిద్ర మారడం ఉంటుంది. లైంగిక ఇబ్బందులు రావచ్చు, అవి అడగడానికి సిగ్గుపడొద్దు. అరవై దాటినవాళ్ళకు రక్తంలో సోడియం చూడాలి. గుండెకు యాస్ప్రిన్ లాంటివి వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. మెరుగయ్యాక కూడా కనీసం ఏడాది, రెండేళ్ళు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తారు. చటుక్కున ఆపకూడదు.

నిద్ర కోసం ఏళ్ళ తరబడి క్లోనజిపామ్ వేసుకుంటున్నవాళ్ళు ఆ మాట ముందే చెప్పండి. అది ఓసీడీకి మందు కాదు, ఈఆర్‌పీ పనిని పలుచన చేస్తుంది కూడా.

క్యాంటీన్ కోటా రమ్ము రెండు పెగ్గులు వేసుకుంటే తనిఖీ తగ్గుతోంది.

తగ్గుతుంది. తెల్లారాక రెట్టింపవుతుంది, "రాత్రి మత్తులో తాళం వేశానా" అన్న కొత్త అనుమానం అదనం. రోజూ తాగే అలవాటుంటే ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. వణుకు, ఫిట్స్ వస్తాయి. డాక్టరుతో చెప్పి మానండి. సెషన్ రోజున మాత్రం తాగి కూర్చోవద్దు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళినట్టు తెలిస్తే పెన్షన్ ఆగుతుందా? నేను బ్యాంకు దగ్గర గన్‌మన్‌ని.

రిటైరయ్యాక మానసిక చికిత్స తీసుకున్నందుకు సర్వీసు పెన్షన్ ఆగదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యం. ఆరోగ్య బీమా కూడా శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకు వర్తించాలని అదే చట్టం చెప్తుంది.

తుపాకీ సంగతి కొంచెం వేరు. ఓసీడీ ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేదని కాదు. కానీ దిగులు ఎక్కువై బతకాలనిపించని రోజులుంటే ఆయుధం మీ చేతికి దగ్గర్లో ఉండకూడదు. కొన్నాళ్ళు సెలవు పెట్టడమో, ఆయుధం లేని డ్యూటీ అడగడమో చేయండి. లైసెన్స్ భయంతో ఈ మాట దాచడమే నేను చూసిన వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఖర్చు లేని దారి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. సైనిక దళాల వాళ్ళ కోసం 2023 డిసెంబరులో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు.

మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డున్నవాళ్ళు దగ్గరి పాలీక్లినిక్‌కి వెళ్ళి సైకియాట్రీకి రిఫరల్ రాయించుకోవచ్చు. రక్షణ శాఖ 2021 మేలో ప్రారంభించిన సేహత్ ఓపీడీలో మాజీ సైనికులు, వాళ్ళ కుటుంబాలు ఇంటి నుంచే డాక్టరుతో వీడియోలో మాట్లాడొచ్చు. నేరుగా చూపించుకోవాలంటే కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది.

ప్రైవేటుగా వెతుక్కుంటే రెండు అడగండి. సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా? ఈఆర్‌పీ చేస్తారా, చేస్తే సెషన్లో నాతో ఏం చేయిస్తారు? రెండో ప్రశ్నకు తడబడితే ఇంకొకరిని చూసుకోండి. వీడియోలో మందులు రాయడానికి 2020 మార్చి టెలీమెడిసిన్ మార్గదర్శకాలు అనుమతిస్తాయి. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

మా ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా ఉండదు. ఇల్లు కూడా చిన్నది, అందరికీ వినపడుతుంది.

డాబా ఎక్కడమో, కొబ్బరితోటలోకి వెళ్ళడమో చాలామంది చేసే పనే. బొమ్మ ఆగిపోతే కెమెరా కట్టేసి మాట వరకు ఉంచండి, లేదా మామూలు ఫోన్ కాల్‌కి మారండి. అది ముందే అనుకుని ఉండాలి. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మా మాటలు బయటికి వినపడవు, మీరు జవాబు అంకెల్లో చెప్పొచ్చు: "ఇప్పుడు డెబ్భై". ఫిరంగి దళంలో చేసినవాళ్ళకు వినికిడి తగ్గి ఉంటుంది. సిగ్గుపడి తల ఊపేయకండి, వినపడలేదని చెప్పండి. వరద రోజుల్లో రేవు దాటించే పంటి ఆగిపోయి ఊరు దాటలేని పరిస్థితిలో కూడా, కరెంటూ సిగ్నలూ ఉంటే సెషన్ ఆగనవసరం లేదు.

వీడియో ఎవరికి సరిపోదు?

ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవాళ్ళకు, తిండీ నీళ్ళూ మానేసేంత తంతులో మునిగినవాళ్ళకు, లేని మాటలు వినపడుతున్నవాళ్ళకు, మద్యం మానే దశలో వణుకుతున్నవాళ్ళకు. వీళ్ళు నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ క్షణాన ప్రాణం మీదికొస్తే 108, లేదా 112.

ఆయన ససేమిరా రానంటున్నారు.

"మీకు పిచ్చి" అన్న అర్థం వచ్చే మాటేదీ వద్దు. ఆయనకు బాధ కలిగిస్తున్న ఒక్క విషయం పట్టుకోండి, నిద్ర లేకపోవడమో, చేతులు పగిలి మండటమో. దానికోసం ఒకసారి మాట్లాడదామనండి. తోటి రెజిమెంట్ మనిషి చెప్తే వింటారు, మనం చెప్తే వినరు. అది అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. అప్పటికీ కాదంటే మీరొక్కరే ఒక సెషన్ తీసుకోండి. ఇంట్లోవాళ్ళు జవాబులు చెప్పడం పద్ధతిగా తగ్గించినా జబ్బు కొంత తగ్గుతుంది, కొందరు ఆ తర్వాతే వస్తారు.

తగ్గాక మళ్ళీ వస్తుందా?

రావచ్చు. కూతురి పెళ్ళి, ఇల్లు మారడం, తుపాను, ఆస్పత్రి ఆపరేషన్, ఇలాంటప్పుడు తల ఎత్తుతుంది. మెట్లు రాసుకున్న పుస్తకం పారేయకండి, ఒకటో రెండో వీడియో సెషన్లు మళ్ళీ తీసుకుంటే సరిపోతుంది.

మొదటి కాల్‌కి ఏం సిద్ధం చేసుకోవాలి?

వాడుతున్న మందుల చీటీలన్నీ, బీపీ షుగరు మాత్రలతో సహా. అత్యవసరమైతే పిలవడానికి పక్కనుండే ఒకరి నంబరు, మీరు కూర్చున్న చోటి అడ్రసు. ఫోన్‌కి ఛార్జింగ్. గడిచిన వారంలో ఒక మామూలు రోజు పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా తంతు ఎప్పుడెప్పుడు, ఎంతసేపు జరిగిందో ఒక కాగితం మీద. అందంగా, కొట్టివేతలు లేకుండా రాయాలని మళ్ళీ మళ్ళీ రాయొద్దు. మొదటిసారి రాసిన కాగితమే తీసుకుని కూర్చోండి.